కెమెరాతో విదేశయాత్ర

ఇటీవల మన పట్టణములలో ఒక క్రొత్త ముచ్చట వినవచ్చుచున్నది. పదిమంది కూడి, ఛాయాచిత్రకళలో చేయి తిరిగిన ఒకరిని దారి చూపువానిగా పెట్టుకొని, కెమెరాలతో విదేశములకు పోయి వచ్చుచున్నారు. కొందరు కెన్యాకు, కొందరు ఐస్‌లాండుకు, కొందరు జపానుకు. ఖర్చు లక్షలలో నుండును. అంత సొమ్ము పోసి తెచ్చుకొనునది నాలుగు బొమ్మలేనా యని ఇంటి పెద్దలు అడుగుట సహజమే. మేము మెదకువాసులము. ఈ ప్రశ్నకు జవాబు మా ఊరిలోనే కొంత దొరకునని మా అభిప్రాయము.

శ్రోతలలో పలువురు మా చర్చిని చూచియుందురు. కరవు రోజులలో పేదలకు పనియు తిండియు కల్పించుచు పాస్నెట్ దొర దీనిని కట్టించెను. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. గోపురము ఎత్తు 175 అడుగులు. వచ్చిన యాత్రికుడు మిట్టమధ్యాహ్నము వాకిట నిలిచి, గోపురమును ఒక ఫోటో తీసికొని, ఏడుపాయలకు బస్సెక్కును. లోపల మూడు రంగుటద్దముల కిటికీలు గలవు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుని పనితనమది. 1927, 1947, 1958 సంవత్సరములలో ఒక్కొక్కటిగా వచ్చి చేరినవి. వెలుపలి వెలుతురే వాటికి ప్రాణము. తూర్పున క్రీస్తు సిలువ దృశ్యము. అది ఉదయము వెలుగును. పడమట ఆయన జననము. దానికి ప్రొద్దు వాలవలెను. ఉత్తరమున స్వర్గారోహణము, సంవత్సరములో ఎక్కువ నెలలు దానికి నేరుగా ఎండ తగులదు గనుక వెలుతురు నిలకడగా నుండును. చీకటి పడెనా, లోపలినుండి చూచువానికి మూడును నల్లని పలకలే.

ఇది మాకు తెలియుటలో గొప్పతనమేమియు లేదు. ఇక్కడ నుండుటవలన తెలిసినది. పరదేశమునకు పోయిన మనము ఆ మధ్యాహ్నపు యాత్రికునివంటివారమే. ఏ కొండ ఏ గడియకు వెలుగునో, ఏ యేటి యొడ్డున ఎంతసేపు కాచుకొనవలెనో చెప్పువాడు కావలెను. కెన్యాలోని మసాయిమారాలో జూలై మొదలు అక్టోబరు వరకు విల్డెబీస్టు అను మృగములు మందలు మందలుగా మారా నదిని దాటును. మంద ఒడ్డువరకు వచ్చి, గంటలకొలది నిలిచి, దాటకయే వెనుదిరుగుటయు కలదు. తెలిసినవాడు జీపును మంద దారికి అడ్డము పెట్టనీయడు, ఓపిక పట్టించును.

వెలుతురు విషయమున మరియొక లాభము కలదు. మెదకు పదునెనిమిదవ అక్షాంశముపై నున్నది. ఇచ్చట సూర్యుడు నిటారుగా పైకి లేచును. ఉదయపు ఏటవాలు కిరణములు కెమెరా సరిచేసికొనుచుండగనే కరిగిపోవును. ఐస్‌లాండులో డిసెంబరు నెల పగలు నాలుగైదు గంటలే యైనను, ఆ కొద్దిసేపును సూర్యుడు దిగంతమును అంటియే తిరుగును. మనకు అరగంట దొరకు వెలుతురు అక్కడ ప్రొద్దు ఉన్నంతసేపును దొరకును. తప్పు తీసి, మరల తీసి, నేర్చుకొనుటకు వ్యవధి యుండును. సాయంకాలము బసలో అందరి బొమ్మలును పరిచి గురువు లోపములు చెప్పును; మరునాడు అదే చోట వాటిని దిద్దుకొనవచ్చును. ఇంటికడ మన బొమ్మలను చుట్టములు మెచ్చుకొందురేగాని దిద్దరు గదా!

అన్నిటికంటె ముఖ్యమైనది అడుగుట. మహాశివరాత్రికి ఏడుపాయల జాతరలో, మంజీర యేడు పాయలుగా చీలిన చోట, స్నానము చేసి గట్టెక్కు ఆడువారి మొగములకు ఎదురుగా కెమెరాలు లేచుట మేము చూచుచున్నాము. మా ఆడపడుచులు కొంగు అడ్డము పెట్టుకొని తొలగిపోవుదురు. అది కళ కాదు, దౌర్జన్యము. జపానులోని క్యోటో నగరమున, గియోను పేటలో గెయిషాల వెంటబడి ఫోటోలు తీయుట మితిమీరగా, 2019లో అచ్చటివారు తమ సొంత సందులలో ఫోటోలు నిషేధించి, 10,000 యెన్ల జరిమానా అని పలకలు నాటిరి. మంచి మార్గదర్శకుడు మొదట కెమెరా దింపించును. పలకరించుటకు ఆ దేశపు మాటలు రెండు నేర్పును. వలదన్నచో నవ్వి తప్పుకొమ్మనును. అక్కడ ఇట్లు అలవాటు పడినవారు ఏడుపాయలలోను అడిగియే తీయుదురని మా ఆశ.

ఇక పోదలచినవారికి రెండు మాటలు. ఏడు రోజులలో ఏడు ఊళ్లు చూపెదమనువారి వెంట పోవలదు. ఒక్కొక్క చోట ఎన్ని పూటలు నిలుపుదురో ముందుగా అడుగుడు. అదనపు బ్యాటరీలను విమానములో చేతిసంచియందే యుంచుకొనవలెను. విలువగల కెమెరాను బయలుదేరునపుడే కస్టమ్సువారికి చూపి పత్రము పొందినచో తిరుగురాకలో చిక్కుండదు.

సొమ్ము కట్టుటకు ముందు ఒకనాడు మా ఊరికి రండు. తూర్పు కిటికీ వెలిగినది మొదలు పడమటి కిటికీ ఆరువరకు చర్చికడ గడపుడు. లోపల ఫోటో తీయుటకు అనుమతి అడుగవలెను. దొరకకున్నచో కెమెరా సంచిలోనే యుంచి చూడుడు. మధ్యాహ్నమునకే విసుగు పుట్టినవారికి ఆ లక్షలు మిగులును.