ఎలక్ట్రాన్లకి ఆనకట్ట కడదామా?
మన బెజవాడ ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. అన్నీ దించినా సందుల్లోంచి నీళ్లు కారతాయి కదా? ఫ్యూజన్ కోసం రాబర్ట్ బస్సార్డ్ తయారుచేసిన పాలీవెల్‌దీ ఇదే గొడవ.

డబ్బాకి ఆరు వైపులా ఆరు రింగు కాయిల్స్. అన్నీ లోపలికి ఒకే పోల్ చూపిస్తాయి, అందుకే నట్టనడుమ అయస్కాంత క్షేత్రం సున్నా. అక్కడ ఎలక్ట్రాన్లు గుమిగూడితే, ఆ నెగటివ్ చార్జి అయాన్లని లోపలికి లాగి ఢీకొట్టిస్తుంది. కానీ ఎలక్ట్రాన్లు రింగుల మధ్యలోంచి, మూలల్లోంచి జారిపోతాయి.

నేనూ ఒక డిజైన్ గీశా. లీకు ఉండకూడదని కాయిల్స్‌ని ఒకదానికొకటి ఆనించేశా. అక్కడే బోల్తా పడ్డా! ఆనించిన చోట ఎలక్ట్రాన్లు లోహానికి తగిలి పోతాయి, పెట్టిన కరెంటు వృథా. 2005 నాటి డబ్ల్యూబీ-6లో కాయిల్స్ మధ్య కావాలనే సందు వదిలారు, బయటికెళ్లిన ఎలక్ట్రాన్ మళ్లీ లోపలికి రావాలని.

కారడం పూర్తిగా ఆపలేం. కారింది వెనక్కొచ్చే దారి ఉంచాలి. ఈసారి అలా గీస్తా, వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా!