కుక్కపిల్లకు తొలి 14 వారాలు



వీధికుక్కలు ఎక్కువగా కార్తీకంలో జతకడతాయి. దాదాపు 63 రోజుల గర్భం తరువాత ఈనుతాయి. శివరాత్రి సమీపించేసరికి హోసూరులో ఏ వీధి మలుపున చూసినా తప్పటడుగులు వేసే పిల్లలే. బడినుంచి వచ్చే బాలుడు వాటిలో ఒకదానిని చొక్కాలో దాచుకొని ఇల్లు చేరుతాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెలరేగే వాదం అందరూ ఎరిగినదే. "ఉంచుకుందాం" అన్నవారు గెలిచిన పిమ్మట ఏమి చేయాలన్నదే నేటి ప్రసంగ విషయం.

మొదట వయస్సు. 8 వారాలు నిండనిదే పిల్లను తల్లినుంచి వేరుచేయరాదు. అమ్మకానికి పెట్టే పిల్లల విషయంలో 2017 నాటి కేంద్ర నియమాలు కూడా ఈ హద్దునే విధించాయి. ఇందుకు కారణం పాలు మాత్రమే కాదు. ఆటలో గట్టిగా కరిస్తే తోబుట్టువు కుయ్యిమని ఆట మానేస్తుంది. తల్లి పక్కకు నెడుతుంది. పంటికి ఎంత బలం చాలునో పిల్ల నేర్చుకొనే తొలి బడి అదే. నాలుగవ వారంలోనే ఇల్లు చేరిన పిల్లకు ఆ చదువు తప్పిపోతుంది. ఆ లోటు ఇంటి పసివారి చేతులపై గాట్లుగా తేలుతుంది.

అసలు చిక్కు ఇక్కడినుంచి మొదలు. సుమారు మూడవ వారంనుంచి 12, 14 వారాల వరకు కుక్కపిల్ల మనస్సు లోకానికి తెరిచి ఉంటుంది. అప్పుడు చూసినది దానికి చుట్టం. చూడనిది ఆ తరువాత అనుమానాస్పదం. అమెరికాలో 1961లో వెలువడిన ఒక పరిశోధనలో ఎత్తైన కంచెలోపల పెంచిన పిల్లలను వేర్వేరు వయస్సులలో వారంరోజుల చొప్పున మనుషుల చేతికిచ్చారు. 14 వారాలదాకా మనిషి స్పర్శ ఎరుగనివాటిని మచ్చిక చేయడం అతికష్టమైంది. టీకాల లెక్క వేరు. డిస్టెంపర్, పార్వో వ్యాధుల టీకా 6 నుంచి 8 వారాల మధ్య ఆరంభమై, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16వ వారందాకా సాగుతుంది. అవి ముగిసేవరకు తలుపు మూసి ఉంచితే మనస్సు తలుపూ మూసుకొంటుంది. వీధిలో వదిలితే పార్వో పొంచి ఉంటుంది. ఆ వ్యాధిక్రిమి మట్టిలో నెలల తరబడి బ్రతుకుతుంది. వాంతులు, రక్తవిరేచనాలతో టీకా లేని పిల్ల రెండు మూడు రోజులలోనే చేజారిపోవచ్చు.

రెండింటికీ నడుమ ఒక దారి ఉంది: ఎత్తుకొని తిప్పడం. కాలు నేలను తాకనక్కరలేదు, కళ్లూ చెవులూ తాకితే చాలు. సిప్‌కాట్ లారీల హారన్లు, బస్టాండు సందడి, చంద్రచూడేశ్వరస్వామి కొండమీది గంట, హెల్మెట్ ధరించిన మనిషి, తెరిచిన గొడుగు, చేతికర్ర ఊతగా నడిచే తాతగారు, ఇంట్లో కుక్కర్ ఈల, ఇవన్నీ దాని పాఠ్యపుస్తకాలే. వింత శబ్దం వినబడిన క్షణాన ఉడికించిన గుడ్డు ముక్క ఒకటి నోటికందించాలి. పిల్ల వణికితే దూరం జరగాలి; ధైర్యం నేర్పుతామని దగ్గరకు తీసుకుపోరాదు.

మాటల విషయంలో మన ఊరిదొక ప్రత్యేకమైన ఇబ్బంది. అవ్వ "కూర్చో" అంటుంది, బాలుడు "ఉక్కారు" అంటాడు, పక్కింటివారు "కూతుకో" అంటారు, ఇంటి పెద్ద "సిట్" అంటాడు. నాలుగు భాషల పాండిత్యం పిల్లనుంచి ఆశించడం అన్యాయం. పిలుపుతో అంత బాధ లేదు. రా, వా, బా చెవికి దగ్గరివే. కూర్చోవడానికి మాత్రం ఇంటిల్లిపాదీ ఒకే మాట ఎంచుకోవాలి. ఏ భాషదైనా సరే.

నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ముగియగానే ఒకే మూలకు తీసుకుపోతే మలమూత్రాల అలవాటు కుదురుతుంది. గచ్చుపై తడిపినందుకు ముక్కు రాయడం వలన అది నేర్చుకొనేది భయం మాత్రమే. ఆవుపాలు చాలా పిల్లలకు విరేచనాలు కలిగిస్తాయి. పెరుగన్నం ఒక్కటే బలం చాలదు. నులిపురుగుల మందు రెండవ వారంనుంచి మూడు నెలలదాకా పక్షానికొకసారి పశువైద్యుని సలహాపై వేయించాలి.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి. "పిల్లకాటే కదా" అని తేలికగా తీసుకోవడం ప్రాణాంతకం. పిల్లకూ రేబిస్ సోకుతుంది. లక్షణాలు బయటపడిన మనిషికి చికిత్స దాదాపు లేదు. వీధినుంచి తెచ్చిన పిల్ల కరిచినా, గీరినా పారే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పూయరాదు. ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, చెప్పిన సూదులన్నీ పూర్తిచేయాలి. తిట్లకు వెరచి గాటును దాచే పిల్లలు ఉంటారు గనుక కుక్కపిల్ల ఉన్న ఇంట చెప్పినవారిని తిట్టబోమని ముందే మాట ఇవ్వడం మంచిది.

కుక్కపిల్ల టీకాల చీటీని రేషన్ కార్డు ఉన్న సంచిలోనే ఉంచితే అవసరమైన రోజున వెదకనక్కరలేదు.