చదువరుల గోష్ఠి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఒక పల్లెయందు గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుటకు ధనము కావలెను. వానిని చెదలనుండి, వాన చినుకులనుండి కాచుటకు ఓపిక కావలెను. పట్టుకొని పోయినవారి ఇంటికి పోయి మరల తెచ్చుటకు నేర్పు కావలెను. ఇవియన్నియు రజతోత్సవ నివేదికలో అంకెలతో సహా చేరును. కాని ఏ నివేదికలోను చేరని ఆస్తి యొకటి ప్రతి గ్రంథాలయమునకు కలదు. సాయంకాలమున అరుగుమీద కూర్చుండి, పత్రిక మడిచి ప్రక్కనుంచి, చదువరులు ఒకరితో నొకరు చెప్పుకొను ముచ్చటయే ఆ యాస్తి. నేటి ప్రసంగమునకు విషయము అదియే.

“నిశ్శబ్దము” అను అట్ట వ్రేలాడు చోట మాటలను గూర్చి మాటయేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. చదువునప్పుడు నిశ్శబ్దము కావలసినదే. కాని చదివిన దానిని గూర్చి ఒకరితో చెప్పుకొననిచో ఆ చదువు నాటని విత్తనము వలె గాదెలోనే యుండిపోవును.

‘గోష్ఠి’ యను మాటను పండితుల సభలకే పరిమితమని అనేకులు తలంతురు. ఆ మాట పుట్టుక పల్లెవారికి మిక్కిలి దగ్గర. ‘గోష్ఠము’ అనగా ఆవులు చేరి నిలుచు దొడ్డి. పగలెల్ల వేరువేరు బీళ్లలో మేసిన పసులు సందెవేళ ఒకచోట చేరి నెమరు వేసినట్లు, పగలు వేరువేరు పనులలో నున్న మనుష్యులు సాయంకాలము ఒకచోట కూడి కన్నవి విన్నవి నెమరు వేసికొనుటయే గోష్ఠి. ‘కాలక్షేపము’ అను మాట మరియు విచిత్రమైనది. తీరిక వేళను ఊరక గడపుటకును ఆ మాటయే. శ్రీవైష్ణవ సంప్రదాయమున ఆచార్యుని చెంత కూర్చుండి గ్రంథమును అర్థసహితముగా వినుటకును ఆ మాటయే. వినోదమునకును విద్యకును నడుమ పెద్దలు గోడ కట్టలేదనుటకు ఇది నిదర్శనము.

పూర్వము గ్రామములలో పురాణ కాలక్షేపములు జరిగెడివి. ఒకరు చదువుచుండ, మరియొకరు అర్థము చెప్పుచుండ, చుట్టును చేరినవారు వినెడివారు. వినువారిలో అక్షరము తెలిసినవారు కొలదిమందియే. అయినను కథ ముగిసిన పిదప ధర్మరాజు చేసినది తగునా తగదా యని తెల్లవారు దనుక వాదించుటకు ఆ నిరక్షరులే ముందుండెడివారు. 1951 సంవత్సరపు జనాభా లెక్కలలో దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. 2011 నాటికి ఆ సంఖ్య 73కు పెరిగినది. ఇది గర్వింపదగిన మార్పు. కాని దీని వెనుక మరియొక మార్పును గమనింపవలసియున్నది. నాడు ఒకడు చదివిన దానిని పదిమంది మాటలాడుకొనిరి. నేడు పదిమందియు చదువగలరు, చదివినదానిని చెప్పుకొను వేళ మాత్రము లేదు. ఎవరి యింట వారు, ఎవరి తెరయెదుట వారు. ఆనాడు గ్రంథాలయోద్యమము అక్షరము కొఱకు పోరాడినది. ఈనాటి గ్రంథాలయము మాట కొఱకు పాటుపడవలసి యున్నది.

తెలుగునాట గ్రంథాలయ చరిత్రను పరిశీలించినచో ఈ విషయము స్పష్టమగును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు కేవలము పుస్తకములు పేర్చుటతో తృప్తి చెందలేదు. తెలుగువారు కూడి తెలుగున మాటలాడుకొనుటకు ఒక నీడ కల్పించిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. నిజాము రాష్ట్రమున సభ జరుపుకొనుటకు సర్కారు అనుమతి పొందవలసిన దినములు వచ్చినవి. అట్టి దినములలో పఠన మందిరపు ముచ్చటయే ప్రజలకు సభ. 1921లో ఆంధ్ర జన సంఘము ఏర్పడినది. గ్రంథాలయముల స్థాపన దాని ముఖ్య కార్యములలో నొకటి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. చిన్న గదులలో మొదలైన మాటలు ఎంత దూరము పోగలవో ఈ చరిత్రయే చెప్పుచున్నది.

కోస్తా జిల్లాలలోను ఇట్లే జరిగినది. 1914లో బెజవాడయందు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నాడే రూపొందినది. దానికి ప్రాణముపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమంతయు ఆ కార్యమునకే ధారపోసిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును వయోజన విద్యతో జతపరచిరి. 1918లో వేటపాలెమున పుట్టిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీమహాత్ముడు వచ్చి నూతన భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికఱ్ఱ నేటికిని అచ్చట భద్రముగా నున్నది.

వీనియన్నిటిలోను ముచ్చటకు పుస్తకమునకు గల చుట్టరికమును చక్కగా గ్రహించిన యత్నమొకటి కలదు. గుంటూరు జిల్లా పెదపాలెమునకు చెందిన పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవ గ్రంథాలయమును నడిపిరి. కాలువ పడవ ప్రయాణము నెమ్మదియైనది. ఎక్కినవాడు దిగువఱకు గంటలకొలది తోటి ప్రయాణికునితో మాటలాడుటయే పని. పంటల ధరలు, పిల్లల పెండ్లిండ్లు, వానల రాకపోకలు అన్నియు అక్కడ దొర్లును. జనులు మాటలాడుకొను చోటికి పుస్తకమును కొనిపోవుటయే ఆ యత్నములోని గొప్పతనము. చదువరి వచ్చువఱకు పుస్తకము కాచియుండలేదు, తానే పడవ యెక్కినది.

ముచ్చట వలన కలుగు లాభమేమి యని యడుగువారికి బొంబాయి నగరమున జరిగిన యొక యుదంతము సమాధానము చెప్పును. పక్షిశాస్త్రమున జగద్విఖ్యాతుడైన సలీం అలీ బాల్యమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ యుండుట చూచి ఇది ఏ జాతి పక్షియో యని అచ్చెరువందెను. ఆయన మేనమామ ఆ బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిలార్డ్ అను ఆంగ్లేయుడు పిల్లవాడని కసరలేదు. ఓపికతో మాటలాడి, ఆ పక్షి పేరు చెప్పి, సంఘమువారు భద్రపరచిన పక్షులను చూపి, చదువుకొమ్మని పుస్తకములు ఎరువిచ్చెను. ఆ కొంతసేపటి మాట ఒక బాలుని వేడుకను జీవితకాలపు విద్యగా మార్చినది. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల గ్రంథము వేలాది మందికి చెట్టుమీది పిట్టను గుర్తుపట్టుట నేర్పినది. మిలార్డ్ ఆనాడు “నాకు తీరిక లేదు, పొమ్ము” అని యుండినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. పల్లె గ్రంథాలయమునకు వచ్చి “ఇదేమి పురుగు? ఈ నాణెము ఏ కాలపుది?” అని యడుగు ప్రతి పిల్లవాని యెదుటను అట్టి ఘడియయే యున్నది.

ముచ్చటకు క్రమములేదని, ఒక విషయముమీద నిలువదని కొందరాక్షేపింతురు. నిజమే, కాని ఆ లోపమే దానికి గుణము. అమెరికా దేశీయుడగు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ పద్ధతిలో పైరుల తెగుళ్లకు 632, తేనెటీగల పెంపకమునకు 638, వంటకు 641, పక్షులకు 598, సంగీతమునకు 780, చదరంగమునకు 794 సంఖ్యలు. బీరువాలో ఇవి దూరదూరముగా నుండును. అరుగుమీది మాటలలోనో, వరికి పట్టిన దోమపోటుతో ప్రసంగము 632లో మొదలగును. మందులు చల్లినప్పటినుండి తేనెటీగలు కానరావని యొకరు చెప్పగా 638కి పోవును. పురుగులనేరి తిను పిట్టలు ఏమైనవని వేరొకరు అడుగగా 598కి ఎగురును. ఇంతలో ఒక యవ్వ “మీ మాటలకేమి గాని, ఈ యేట మామిడికాయ పిందెలోనే రాలిపోయినది, ఆవకాయ ఎట్లు పెట్టుదురు?” అని అందరిని 641కి దించును. బీరువాలో దూరముగా నున్న పుస్తకములు ముచ్చటలో ఇరుగుపొరుగులగుచున్నవి.

గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను 1931లో ప్రకటించిన రంగనాథన్‌గారు పుస్తకము వాడుక కొఱకే యనియు, చదువరికి తగిన పుస్తకము, పుస్తకమునకు తగిన చదువరి దొరకవలెననియు బోధించిరి. ఈ జత కూర్చుట ఎట్లు? ఎవరికేది కావలెనో పట్టికలు చెప్పవు. గ్రంథపాలకుడు ఒక చెవి అరుగువైపు నుంచినచో ఆ మాటలే చెప్పును. తేనెటీగలను గూర్చి అడిగిన రైతునకు మరునాడు ఆ పుస్తకము బల్లమీద సిద్ధముగా నున్నయెడల, అతడు జీవితాంతము గ్రంథాలయమునకు చుట్టమగును.

అయితే ముచ్చట యనినంతనే మంచిది కాదు. పాత రచ్చబండను పొగడువారు అచ్చట ఎవరు కూర్చుండిరో, ఎవరు దూరముగా నిలిచిరో కూడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. స్త్రీలు తలుపుచాటున నుండిరి. కొన్ని కులములవారు పిలువనిదే దరికి రాలేకపోయిరి. కూలివాని మాటకు విలువ లేకుండెను. గ్రంథాలయము రచ్చబండ వంటిదే యైనచో దాని కొఱకు ఇంత శ్రమ అనవసరము. ఎవడైనను తలుపు తీసికొని వచ్చి, ఏ కుర్చీలోనైనను కూర్చుండి, తనకు తెలిసినది చెప్పి, తెలియనిది అడుగగలిగిన చోటు గ్రామమున ఒకటైనను ఉండవలెను. ఇది ఎవరి దయయు కాదు. 1948 నాటి మదరాసు చట్టము, 1955 నాటి హైదరాబాదు చట్టము, వాని స్థానమున వచ్చిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ప్రజా గ్రంథాలయములకై పన్ను వసూలు చేయుటకు వీలు కల్పించినవి. ఇంటిపన్నుతోపాటు గుడిసెవాడును మేడవాడును ఆ పన్ను చెల్లించుచునే యున్నారు. ఇరువురకును అరుగుమీద సమానమైన చోటు కలదు.

ఈ చోటు పోయినచో నష్టపోవువారెవరు? పిల్లలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో తరలిపోగా, పెద్ద యింట ఒంటరిగా మిగిలిన తలిదండ్రులు కలరు. నెలకొకసారి డబ్బు వచ్చును, దినమునకొకసారి ఫోను వచ్చును, సాయంకాలము మాత్రము గడువదు. వారికి తెలిసిన పాత వడ్ల పేర్లు, నేల స్వభావములు, పసరు మందులు, అల్లికలు, ముగ్గులు, దంపుళ్ల పాటలు ఏ పుస్తకమునను పూర్తిగా లేవు. అడుగువారు లేక అవి వారితోడనే పోవుచున్నవి. ఇంకొకవైపున చదువు ముగించి పని దొరకక, చేతిలోని తెరను చూచుచు కాలము పుచ్చు యువకులు కలరు. ఒకరివద్ద చెప్పవలసినది కలదు, వేరొకరివద్ద తీరిక కలదు. ఈ యిరువురను ఒక బల్లకు చేర్చుట గ్రంథాలయమునకే సాధ్యము.

ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. వారమున ఒక సాయంకాలమును గోష్ఠికని నిర్ణయింపవచ్చును. ఒక్కొక్కరు అయిదు నిమిషములకు మించకుండ ఆ వారమున చదివినదో, చేసినదో, చూచినదో చెప్పవలెను. ఒకరు నవలను గూర్చి, ఒకరు తపాలా బిళ్లల సేకరణను గూర్చి, ఒకరు పెరటిలోని కాకరపాదును గూర్చి చెప్పవచ్చును. ఇది ఎక్కువ, అది తక్కువ యను తారతమ్యము కూడదు. చదువురానివారికి మొదటి వంతు నిచ్చుట మంచిది. లేనిచో వారు కడవఱకు మౌనముగనే యుందురు. స్త్రీలకు అనుకూలమైన వేళను స్త్రీలే నిర్ణయింపవలెను, ఆ వేళకు ఇంటిపనిని పురుషులు పంచుకొనవలెను. పార్టీల తగవులు, పరుల ఇండ్ల గుట్టులు గుమ్మము వెలుపలనే విడిచి రావలెను. నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలు ఊరక చెప్పలేదు. సమాధానము దొరకని ప్రశ్నలను ఒక నోటుపుస్తకములో వ్రాసియుంచి, మరుసటి వారమునకు తగిన గ్రంథమును వెదకి తేవలెను. పెద్దలు చెప్పిన పాత విషయములను ఆ పుస్తకముననే తేదీతో సహా ఎక్కింపవలెను. కొన్ని యేండ్లకు ఆ నోటుపుస్తకమే గ్రంథాలయమునందలి మిక్కిలి విలువైన గ్రంథమగును, ఏలయనగా దానికి రెండవ ప్రతి లోకమున మరెచ్చటను ఉండదు.

సోదరీసోదరులారా! రజతోత్సవము ముగియును. పందిరి విప్పుదురు, తోరణములు వాడిపోవును. రేపటి సాయంకాలము దీపము వెలిగించిన తరువాత బల్లచుట్టు ఎందఱు కూర్చుందురు, వారేమి మాటలాడుకొందురు అనుటపైననే స్వర్ణోత్సవము ఆధారపడియున్నది. ఇచ్చటికి వచ్చిన ప్రతివారును రేపు ఒక పుస్తకమును తీసికొని, ఇంతవఱకు గ్రంథాలయపు మెట్టెక్కని ఒక మనిషిని వెంటబెట్టుకొని వచ్చినచో ఈ సభ సఫలమైనట్లే. ఆ మనిషికి చదువు రాకున్నను చింతలేదు, చెప్పుటకు ఒక మాటయైనను అతనివద్ద తప్పక యుండును.

శుభమస్తు.