వార్తలే మన దగ్గరికి

వార్తల కోసం నాలుగైదు సైట్లు విడివిడిగా తెరిచే శ్రమను తప్పించేది ఆర్ఎస్ఎస్ ఫీడ్. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టింది. సైటులో కొత్త వార్త పెట్టగానే దాని శీర్షిక, లింకు ఒక చిన్న ఫైల్లో చేరతాయి. ఫీడ్ రీడర్ అనే యాప్ ఆ ఫైలును తరచూ చూసి, కొత్తవాటిని మన ముందుంచుతుంది. ఇంటికి పేపరు వేయించుకున్నట్టే. పైగా ఆ సైటుకు మన ఈమెయిలు ఇవ్వక్కర్లేదు. ఫేస్‌బుక్‌లోలా ఏది ముందు చూపాలో లెక్కలు తేల్చవు. మామూలుగా తాజా వార్తే పైన ఉంటుంది. నాకు నచ్చింది ఇదే.

2013 జులైలో గూగుల్ తన రీడర్‌ను మూసేసినప్పుడు, ఇక ఫీడ్ల పని అయిపోయిందన్నారు. కాలేదు. పాడ్‌కాస్టులు ఇప్పటికీ చాలావరకు వీటిమీదే నడుస్తున్నాయి. ఫీడ్లీ, ఇనోరీడర్ అనే ఫీడ్ రీడర్లు ఉచితంగానూ దొరుకుతాయి. మీరు రోజూ చదివే సైటు చిరునామా వాటిలో ఒకదానిలో వేసి చూడండి. ఫీడ్ ఉంటే చాలాసార్లు యాపే పట్టుకుంటుంది. మొదట రెండు మూడు సైట్లతోనే మొదలుపెట్టండి.