బియ్యపు మరకు కన్ను

సార్టెక్సు బియ్యమను మాట వినని గృహిణి నేడు అరుదు. ఏటవాలు పళ్లెముపై జారు గింజలను మరలోని కెమెరా చూచును. రంగు మారినది కనబడగానే సన్నని గాలిపోటు దానిని పక్కకు నెట్టును. బాగుగనే యున్నది. కాని ఆదరాబాదరాగా ఎండబెట్టిన ధాన్యము లోలోపల పగిలి, మరలో నూక యగును. నూకను అతికించు యంత్రము లేదు గదా! కావున చిన్న మిల్లుదారు అప్పుచేసి కెమెరా కొనుటకు ముందే తేమను కొలుచు సాధనమును, ధాన్యమును నెమ్మదిగా 14 శాతము తేమకు దింపు డ్రయ్యరును సమకూర్చుకొనుట మేలని నా అభిప్రాయము.

ఇక, మెరికలు ఏరి కూలి తెచ్చుకొను స్త్రీల సంగతి. కెమెరా వచ్చినచోట వారి చేటకు పని లేదు. తేమ కొలుచుట వారికి నేర్పరాని విద్య కాదు, మిల్లుదారులు నేర్పుదురా?