చదవడం వేరు, మందు వాడడం వేరు



నేను డాక్టరును కాను, బడిపంతులును. మందుల గురించి చెప్పే అర్హత నాకు లేదు. అయితే చెప్పింది ఎదుటివారికి ఎంతవరకు ఎక్కిందో కనిపెట్టడం నా వృత్తి కనుక ఆ ఒక్క విషయం మీద నాలుగు మాటలు చెబుతాను.

తరగతిలో "అర్థమైందా?" అని అడిగితే నలభై గొంతులు "అయింది సార్" అంటాయి. బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయమంటే అసలు సంగతి బయటపడుతుంది. ఆసుపత్రిలోనూ ఇంతే. డాక్టరుగారు అడుగుతారు, రోగి తలూపుతాడు. బయట పెద్ద వరుస, లోపల బెరుకు. తెలియలేదని ఎవరంటారు?

అమెరికాలో 2006లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. మూడు రాష్ట్రాల క్లినిక్‌లలో 395 మంది రోగులకు మందు సీసాల లేబుళ్లు చూపించారు. ఒకదాని మీద "రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు" అని ఉంది. చదువు తక్కువైనవారిలో 71 శాతం మంది ఆ సూచనను సరిగ్గానే చెప్పారు. రోజుకు ఎన్ని మాత్రలో తీసి చూపమంటే సరిగ్గా చూపినవారు 35 శాతమే!

అక్కడ రోగి చదువును కొలిచే పరీక్షలు చాలా ఉన్నాయి. ఒకదానిలో 66 వైద్యపదాలు పైకి చదివిస్తారు. ఇంగ్లీషులో స్పెల్లింగు ఒకటి, పలుకు ఒకటి కాబట్టి అది కొంత పనిచేస్తుంది. స్పానిష్‌కు పనికిరాలేదు. రాసినట్టే పలికే భాషలో తెలియని మాటనైనా చదివేయవచ్చు కదా. అందుకే వారికి అర్థం కూడా అడిగే పరీక్ష వేరే తయారుచేశారు. మన తెలుగుదీ అదే కోవ. ఆరో తరగతి పిల్లవాడు "రక్తహీనత" అని గణగణా చదువుతాడు. ఏమిట్రా అది అంటే నేల చూపులు చూస్తాడు.

మన ఇళ్లలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. మాట్లాడేది ఉర్దూ, పిల్లలు బడిలో నేర్చేది తెలుగు, డాక్టరు చీటీ ఇంగ్లీషు. "పరగడుపున" అంటే తెలియని అమ్మీకి "ఖాలీ పేట్" అంటే వెంటనే తెలుస్తుంది. రంజాన్‌లో "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" అంటే సహరీకా, ఇఫ్తార్‌కా? షుగరు మందుకు ఆ మార్పు డాక్టరే చెప్పాలి. చెప్పాక రోగి నోట తిరిగి చెప్పించాలి.

రోగికి పరీక్ష పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. చదవలేనని నలుగురిలో తేలిపోతే పెద్దమనిషి మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. చదువుకున్నవారిని, లేనివారిని ఒకే తీరుగా అడగాలి: "అమ్మీ, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్లాక కోడలికి ఎలా చెబుతారు?" అప్పుడు తప్పు వచ్చినా అది చెప్పినవాడిది అవుతుంది. మాత్రలు అరచేతిలో పెట్టి చూపమంటే ఇంకా మేలు.

మీరిచ్చే సొమ్ముతో మందులు కొంటున్నాం. మందులిచ్చే బల్లకు కాస్త దూరంగా కుర్చీలు వేసి, ఉర్దూ తెలుగు రెండూ వచ్చినవారిని కూర్చోబెడదాం. సలహాలివ్వడం వారి పని కాదు. తిరిగి చెప్పించుకుని, తేడా ఉంటే రోగిని డాక్టరు దగ్గరికి పంపడం వరకే. మనిషికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. వచ్చే శిబిరానికి ఆడవారి వైపు ఇద్దరు, మగవారి వైపు ఒకరు కావాలి. సభ అయ్యాక పేర్లు నాకివ్వండి.