పొలమునుండి గాలిలో గలియు నత్రజని: నిలుపుకొను నుపాయములు

ఖమ్మము, భద్రాచలము అటవీ సరిహద్దులయందలి రైతు మహాశయులారా!

కాలువగట్టు తెగినదని విన్నచో అర్ధరాత్రియైనను పార పట్టుకొని పరుగెత్తి గండి పూడ్చెదరు. కాని రొక్కమిచ్చి కొన్న యెరువు పట్టపగలు గాలిలో గలిసిపోవుచున్నను ఊరకుందురు. అది కంటికి గనబడని గండి. పైరు పసుపు బారినదని మరియొక బస్తా తెచ్చి చల్లుదురు. దానితో అప్పును పెరుగును, చీడయు పెరుగును.

యూరియాయందు నూటికి 46 పాళ్లు నత్రజని గలదు. అనగా 45 కిలోల బస్తాలో రమారమి 21 కిలోలు. నిలువనీటిపై చల్లిన యూరియా కొలది దినములలోనే అమ్మోనియా యను వాయువుగా మారి, యెండకును గాలికిని ఎగిరిపోవును. పశువుల కొట్టములో ముక్కు మండించు ఘాటు దీనిదే. ఇది మొదటి గండి. మడి యెండి మరల తడిసినపుడు, నేలలో నైట్రేటుగా మారిన నత్రజని గాలి సోకని బురదలో వాయువై పోవును. ఇది రెండవది. ఇందు కొంత నైట్రస్ ఆక్సైడుగా వెడలును. అది సరితూకమున బొగ్గుపులుసు వాయువుకంటె రమారమి 270 రెట్లు భూమిని వేడెక్కించును.

2015లో ప్రభుత్వము యూరియాకు వేపనూనె పూతను తప్పనిసరి చేసినది. ఆ పూత రెండవ గండిని కొంత పూడ్చునే గాని మొదటిదానిని పూడ్చజాలదు. కావున పూత యున్నదని నిశ్చింతగా నుండరాదు.

తరి భూములయందు 50 కిలోల యూరియాకు 250 కిలోల తేమగల మెత్తనిమట్టి గాని, 10 కిలోల వేపపిండి గాని కలిపి, రెండు దినములు నీడను నిలువ యుంచుడు. మట్టి అమ్మోనియాను పట్టియుంచును. వేపపిండి నైట్రేటు మార్పును మందగింపజేయును. పిదప మడిలోని నీటిని తీసి, బురద పదనున సమముగా చల్లి, 36 మొదలు 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టుడు. ఆపై మడిని పగుళ్లు బారనీయకుడు. ఎరువును ఒక్కమారుగా గాక నాటునపుడు, పిలకలు వేయునపుడు, అంకురము పట్టునపుడు మూడు సమభాగములుగా వేయవలెను. ఖుష్కీ చేలలో ప్రత్తికిని మొక్కజొన్నకును మొదళ్ల ప్రక్కను గుంట తీసి, యూరియా వేసి, మట్టి కప్పుడు.

పెంటకుప్పయు నిట్టిదే. పొయ్యిబూడిదను గాని సున్నమును గాని పేడతో గలుపకుడు. అవి అమ్మోనియాను తరిమివేయును. పేడను గోతిలో వేసి, పైని కొంచెము సూపర్ ఫాస్ఫేటు చల్లి, మట్టి కప్పినచో సారము నిలుచును.

అడవి యంచున నుండు మీకు వేపగింజలు దుర్లభములు గావు. కానుగ పిండియందును ఇట్టి గుణమే కలదు.

నా మాట నమ్మి యెల్ల పొలమునకు నొక్కమారే చేయనక్కరలేదు. వచ్చు ఆబీ ఫసలున సమానమగు రెండు మడులు ఎన్నుకొని, ఒకదానిలో నీ పద్ధతిని, రెండవదానిలో మీ వాడుకను అనుసరింపుడు. రెండింటికిని వేసిన యూరియా సమముగా నుండవలెను. కోతనాడు ధాన్యమును వేరువేరుగా తూచుడు. ఏది లాభకరమో మీ కాటాయే చెప్పును.